ఇటలీ రెడ్ వైన్ రుచి చూడటం ఎలా: ముందు పులుపు, వగరు విడదీయండి

ఇటలీ రెడ్ వైన్ మొదటిసారి తాగిన మనవాళ్ళు చాలామంది అనే మాట ఒకటే, "ఏంటిది ఇంత పుల్లగా ఉంది, పైగా నోరంతా పట్టేసింది" అని. ఆస్ట్రేలియా షిరాజ్‌కో చిలీ మెర్లోకో అలవాటైన నోటికి అలా అనిపించడం మామూలే, వాటిల్లో పండు తీపి ముందుకొస్తుంది, ఓక్ చెక్క నుంచి వచ్చే వెనిలా వాసన తగుల్తుంది, పక్కన తిండి లేకపోయినా సోఫాలో కూర్చుని లాగించేయొచ్చు. ఇటలీ వాళ్ళ పాత ద్రాక్షలతో చేసిన రెడ్ అలా సోఫా మీద తాగే సరుకు కాదండీ, భోజనంతో పాటు తాగడానికి చేసింది, ఆ పులుపు, వగరు దాన్లో ఉండాల్సినవే. అందుకే నేను చెప్పే పద్ధతి చాలా సింపుల్, పేర్లు బట్టీ పట్టడం పక్కన పెట్టి ముందు నోట్లో పులుపు ఎక్కడ తెలుస్తోంది, వగరు ఎక్కడ తెలుస్తోంది అని విడదీసి పట్టుకోండి, ఆ తర్వాత ఏ ద్రాక్షలో ఏది ఎంతుందో చూడండి, అంతే. ఇది చేతికొస్తే బరోలో, కియాంతి లాంటి పేరున్న ఇటలీ రెడ్లలో ఏదైనా లేబుల్ చదవకముందే సగం అర్థమైపోతుంది.

ఒక మాట ముందే చెప్పేస్తా, ఇటలీ మధ్యలో ఉన్న టస్కనీ ప్రాంతం సముద్రతీరంలో సాసికాయా లాంటి పేరుమోసిన ఖరీదైన వైన్లున్నాయి, కానీ అది ముఖ్యంగా కాబెర్నే సావిన్యోతో చేసేది, ఫ్రాన్స్ ద్రాక్ష. మంచి వైనే, కాదనను, ఇక్కడ మాత్రం దాని జోలికి పోను. ఇటలీకి సొంత ద్రాక్షలే వందల రకాలున్నాయి, చాలావాటికి ఆ నాలుగు కొండలు దాటితే ఉనికే లేదు, వాటిల్లో పట్టుమని పది తెలుసుకోవడానికే మనకి బోలెడు టైం పడుతుంది.

మూత తీయకముందు

రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలి అని ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు, ఆ రూమ్ యూరప్‌లో హీటర్లు లేని రోజుల నాటి రూమ్, విజయవాడలో మే నెల రూమ్ కాదు. 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలి, బార్బెరా, డోల్చెట్టో లాంటి తేలిక రకాలైతే 14, 15 ఉన్నా బాగుంటాయి. 30 డిగ్రీల గదిలో ఉన్న బాటిల్‌ని ఫ్రిజ్‌లో గంట, గంటన్నర పెట్టండి, అంత ఓపిక లేకపోతే బకెట్‌లో ఐస్ వేసి దాంట్లో నీళ్ళు కూడా పోసి పావుగంట ముంచండి, ఒట్టి ఐస్ కన్నా నీళ్ళు కలిస్తేనే తొందరగా చల్లబడుతుంది. వేడిగా తాగితే ఆల్కహాల్ ముక్కులో గుచ్చుకుని మిగతావేవీ తెలియవు, మరీ చల్లగా తాగితే వాసన మూసుకుపోయి వగరు మాత్రం రెట్టింపు అనిపిస్తుంది. చాలామంది "నచ్చలేదు" అన్న బాటిళ్ళలో సగం తప్పు వైన్‌ది కాదు, ఈ టెంపరేచర్‌ది అని నా నమ్మకం.

గ్లాసు గురించి పెద్ద రచ్చ అక్కర్లేదు, కాడ ఉండి, కింద వెడల్పుగా ఉండి పైకి వచ్చేసరికి మూతి కాస్త ముడుచుకునే గాజు గ్లాసు ఏదైనా చాలు. మూడో వంతు కంటే ఎక్కువ పోయకండి, నిండుగా పోస్తే తిప్పడానికి చోటుండదు. విస్కీ గ్లాసులో వద్దు, స్టీల్ గ్లాసులో అస్సలు వద్దు. గ్లాసుకి గిన్నెల సబ్బు వాసన ఉందేమో ముందు ఖాళీగా ఉన్నప్పుడే ముక్కు పెట్టి చూడండి. ఇంకోటి, పక్క గదిలో అగరుబత్తీ వెలుగుతుంటేనో వంటింట్లో ఇంగువ పోపు పెడుతుంటేనో వైన్ వాసన చూడటం దండగ, ఆ పోపు ముందు ఏ ఇటలీ వైనూ నిలబడదు.

మూడు బాటిళ్ళ పాఠం

ఇది నలుగురైదుగురు ఫ్రెండ్స్ కలిసి చేస్తే ఖర్చు పంచుకోవచ్చు, తాగేది కూడా తక్కువవుతుంది, మనిషికి ఒక్కోదాంట్లో 50 మిల్లీలీటర్లు చాలు. ఇటలీ వాయవ్యాన పియెమొంతే అని ప్రాంతం ఉంది, అక్కడ ఆల్బా ఊరి చుట్టూ ఉండే లాంగే కొండల్లో మూడు ద్రాక్షలు పక్కపక్కనే పండుతాయి, డోల్చెట్టో, బార్బెరా, నెబ్బియోలో. చాలాసార్లు ఒకే రైతు మూడూ చేస్తాడు. ఎండ బాగా పడే వాలు నెబ్బియోలోకి ఇస్తారు, మిగిలిన చోట్ల ఆ రెండూ పెడతారు. మీరు కొనాల్సినవి డోల్చెట్టో దాల్బా, బార్బెరా దాస్తి లేదా బార్బెరా దాల్బా, ఇంకా లాంగే నెబ్బియోలో. బరోలో ఇప్పుడే కొనకండి, దానికి టైం వస్తుంది. అక్కడి ఇళ్ళల్లో పెద్ద భోజనమప్పుడు పోసే వరస కూడా దాదాపు ఇదే, తేలికదాంతో మొదలెట్టి గట్టిదాంతో ముగిస్తారు.

మొదట డోల్చెట్టో. తెల్ల కాగితం మీద గ్లాసు వంచి చూడండి, ముదురు ఊదా రంగు, అంచు దగ్గర కూడా రంగు తగ్గదు. ఒక గుక్క తీసుకుని వెంటనే మింగకుండా నోరంతా తిప్పండి. పండు రుచి మెత్తగా ఉంటుంది, పులుపు పెద్దగా ఉండదు, మింగాక చివర్లో బాదం పొట్టు చేదు కొంచెం, కాస్త వగరు తగుల్తాయి. దీన్ని గుర్తుపెట్టుకోండి, ఇది మన సున్నా గీత అనుకోండి.

తర్వాత బార్బెరా. రంగు ఇంచుమించు అంతే ముదురు, కానీ నోట్లో పూర్తిగా వేరే. మింగాక తల కాస్త ముందుకు వంచి నోరు మూసుకుని ఓ పది సెకన్లు ఆగండి, దవడల కింద నుంచి, నాలుక పక్కల నుంచి నీళ్ళు ఊరుతుంటాయి చూడండి, ఆ ఊరడమే పులుపు కొలత. ఎంత తొందరగా, ఎంత ఎక్కువగా ఊరితే అంత యాసిడ్ ఉన్నట్టు. ఇప్పుడు నాలుకని పై చిగుళ్ళ మీద రుద్దండి, జారుతుంది, ఎక్కడా పట్టదు. అంటే బార్బెరాలో పులుపు చాలా ఎక్కువ, వగరు చాలా తక్కువ. ఇంత క్లియర్‌గా ఒకటే చూపించే రెడ్ ద్రాక్ష ఇంకోటి దొరకడం కష్టం, అందుకే పులుపు అంటే ఏంటో చూపించాలంటే నేను ఎవరికైనా దీన్నే చెప్తా.

మూడోది నెబ్బియోలో, ఇక్కడే అందరూ బోల్తా పడేది. రంగు చూస్తే పల్చగా ఉంటుంది, గ్లాసు అవతల పెట్టిన అక్షరాలు కనిపించేంత, అంచు అప్పుడే ఇటుక రంగులోకి తిరిగి ఉంటుంది, "నీళ్ళు కలిపారా ఏంటి" అంటారు. ఈ ద్రాక్ష తొక్కలో ఉండే రంగు పదార్థాలు నిలకడ లేనివి, తొందరగా వాడిపోతాయి, అంతకు మించి ఏం లేదు. వాసన చూస్తే గులాబీ, ఎర్ర చెర్రీ, ఆహా అనుకుంటూ గుక్క వేస్తారు, రెండు సెకన్ల తర్వాత చిగుళ్ళు, పెదాల లోపలి వైపు, నాలుక మీద అంతా పొడి పొడిగా అయిపోతుంది. ఇప్పుడు నాలుకతో చిగుళ్ళు రుద్దితే గరుకుగా తగుల్తుంది. అదే వగరు, వైన్ భాషలో టానిన్. పైగా పులుపు కూడా బార్బెరా లెవెల్‌కి కాస్త అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి ఒక పక్క నోరు ఊరుతుంటుంది, ఇంకో పక్క ఎండుతుంటుంది, కొత్తవాళ్ళకి ఈ రెండూ కలిసిపోయి "ఏదో బాలేదు" అన్న ఫీలింగే మిగుల్తుంది. మీరు వరసలో వచ్చారు కాబట్టి విడిగా తెలుస్తాయి.

ఇప్పుడు అసలు పని. ఓ ముక్క పర్మెజాన్ చీజ్ తినండి, దొరక్కపోతే వెన్నలో వేయించి ఉప్పు చల్లిన పుట్టగొడుగులో, నెయ్యి పట్టిన మటన్ ముక్కో. నమిలి మింగి వెంటనే అదే నెబ్బియోలో మళ్ళీ గుక్క తీసుకోండి. ఇందాకటి గరుకు సగానికి సగం పోయి ఉంటుంది, దాని వెనక దాక్కున్న పండు, పూల వాసన పైకొస్తాయి. కారణం ఏంటంటే టానిన్ వెళ్ళి మన లాలాజలంలో ఉండే ప్రోటీన్లకి అతుక్కుంటుంది, అవి పోతే నోట్లో జారుడు పోతుంది, మనం దాన్నే వగరు అంటాం, నోట్లో చీజ్‌దో మాంసానిదో ప్రోటీన్, కొవ్వు ముందే ఉంటే టానిన్ వాటికి అతుక్కుని మన చిగుళ్ళని వదిలేస్తుంది. బాగా మరిగిన డికాషన్ టీ ఉత్తదే తాగితే నోరు పట్టేస్తుంది, అందులోనే పాలు పోస్తే మెత్తబడుతుంది కదా, అక్కడ జరిగేదీ ఇదే. ఈ ఒక్క ప్రయోగం చేసినవాళ్ళు మళ్ళీ ఇటలీ రెడ్‌ని తిండి లేకుండా తాగరు.

వాసన సంగతి

వాసన రెండుసార్లు చూడాలి. పోయగానే గ్లాసు కదపకుండా ఒకసారి, తర్వాత కాడ పట్టుకుని బల్ల మీదే గుండ్రంగా నాలుగు తిప్పులు తిప్పి ఇంకోసారి. మొదటిసారి ఎగిరిపోయే సన్నటి వాసనలు దొరుకుతాయి, రెండోసారి బరువైనవి. గట్టిగా పీల్చకండి, చిన్న చిన్నగా రెండు మూడు సార్లు పీల్చి గ్లాసు దూరం పెట్టి ఆలోచించండి, ముక్కు చాలా తొందరగా అలిసిపోతుంది.

పుస్తకాల్లో వయొలెట్, బ్లాక్ కరెంట్, అండర్‌గ్రోత్ అని రాస్తారు, మనలో చాలామంది వాటిని జీవితంలో చూడలేదు, చూడనిదాన్ని వాసనలో వెతకడం ఎందుకు చెప్పండి. మనకి తెలిసిన వాసనలతోనే రాసుకోండి. నెబ్బియోలో తిప్పితే నాకు పాన్ షాపులో గుల్కంద్ డబ్బా మూత తీసిన వాసన వస్తుంది, కాస్త వయసున్న బాటిల్ అయితే ఎండలో కొత్తగా వేసిన తారు రోడ్డు కూడా, గులాబీ ప్లస్ తారు అన్నది ఇటలీ వాళ్ళు కూడా ఈ ద్రాక్ష గురించి చెప్పే మాటే కాబట్టి నా ముక్కు మరీ తప్పుదోవ పట్టలేదు. టస్కనీ ద్రాక్ష సాంజొవేజేలో పుల్ల చెర్రీ, ఎండిన టమాటా, ఎండు ఆకులు, కొంచెం తోలు. దక్షిణ ఇటలీ ద్రాక్ష అల్యానికోలో పొగ, మిరియాలు, ముదురు రేగు పండు. గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకి ఇంకో అడ్వాంటేజ్ ఉంది, పాత రెడ్ వైన్లలో వచ్చే ఎండు పొగాకు వాసన వేరేవాళ్ళు పుస్తకం చూసి చెప్తారు, మీరు పొగాకు ఆరబెట్టే బేరన్ల పక్కన పెరిగుంటే ముక్కుతోనే చెప్తారు.

బరోలో ఎప్పుడు తెరవాలి

లాంగే నెబ్బియోలో నచ్చి, ఇంకా కావాలనిపిస్తేనే బరోలో కొనండి, నచ్చకపోతే బరోలో ఇంకా నచ్చదు, డబ్బులు దండగ. ద్రాక్ష అదే, కాకపోతే ఆల్బా పక్కనే 11 ఊళ్ళ పరిధిలో కొండవాలు తోటల్లోదే వాడాలి, 38 నెలలు ఆగాకే అమ్మాలి, అందులో కనీసం 18 నెలలు చెక్క పీపాల్లో, రిజర్వా అని రాసుంటే 62 నెలలు. పక్కనే ఉన్న బార్బరెస్కో కూడా నూటికి నూరు శాతం నెబ్బియోలోనే, దానికి 26 నెలలు, చెక్కలో 9 చాలు, కాబట్టి కాస్త తొందరగా మెత్తబడుతుంది, మొదటిసారి తాగేవాళ్ళకి నేనైతే బార్బరెస్కోనే చెప్తా. బరోలోలో కూడా లా మొర్రా ఊరి వైపు వచ్చేవి పూల వాసనతో కాస్త సాఫ్ట్‌గా ఉంటాయి, సెర్రలుంగా దాల్బా వైపు వచ్చేవి గట్టిగా, వగరు ఎక్కువై ఏళ్ళ తరబడి ఆగమంటాయి. ఇది లేబుల్ మీద ఊరి పేరో తోట పేరో ఉంటే పట్టుకోవచ్చు.

ఈ పీపాల మీద అక్కడ పెద్ద యుద్ధమే జరిగింది. పాతవాళ్ళు వేల లీటర్లు పట్టే పెద్ద చెక్క పీపాల్లో పెట్టేవాళ్ళు, అవి వైన్‌కి చెక్క వాసన అంటించవు, నెమ్మదిగా గాలి తగలనిస్తాయి. 1980ల్లో కుర్ర రైతులు ఫ్రాన్స్‌లోని బర్గండీ వెళ్ళొచ్చి 225 లీటర్ల కొత్త ఫ్రెంచ్ ఓక్ పీపాలు తెచ్చారు, వాటిని బారిక్ అంటారు, తొందరగా మెత్తబడుతుంది, వెనిలా వాసన వస్తుంది, అమెరికాలో అమ్ముడుపోతుంది. ఎలియో ఆల్తారే అనే ఆయన వాళ్ళ నాన్న పాత పీపాల్ని చైన్ రంపంతో కోసేశాడు, నాన్న ఆస్తిలోంచి పేరు తీసేశాడు. ఇంకో పక్క బార్తొలో మస్కరెల్లో అనే పెద్దాయన తన బాటిల్ లేబుల్ మీద చేత్తో బొమ్మ గీసి "బారిక్ వద్దు, బెర్లుస్కోనీ వద్దు" అని రాసుకున్నాడు, బెర్లుస్కోనీ అంటే ఇటలీ రాజకీయ నాయకుడు. ఇప్పుడు చాలామంది మధ్యలోకి వచ్చేశారు, పెద్ద పీపాలే మళ్ళీ ఎక్కువయ్యాయి. మీకు ఉపయోగం ఏంటంటే, గ్లాసులో వెనిలా, కాఫీ, టోస్ట్ వాసన ముందుకొస్తే కొత్త చిన్న పీపా, గులాబీ, తారు, ఎండు చెర్రీ ముందుకొస్తే పెద్ద పాత పీపా, ఏది ఇష్టమో మీరే తేల్చుకోండి. నాకైతే వెనిలా వచ్చిన నెబ్బియోలో మీద అంత డబ్బు పెట్టబుద్ధి కాదు.

కుర్ర బరోలో అయితే గంట, రెండు గంటల ముందు వెడల్పాటి జగ్గులోకి వంచండి, ఊరికే బిరడా తీసి పెడితే ఏమీ అవదు, ఆ సన్నటి మెడలోంచి ఎంత గాలి పోతుంది చెప్పండి. పదిహేను ఇరవై ఏళ్ళ బాటిల్ అయితే ఉల్టా, ముందురోజే నిలబెట్టి ఉంచితే మడ్డి అంతా అడుక్కి చేరుతుంది, కదలకుండా నెమ్మదిగా పోసుకుని చివరి రెండు గుక్కలు వదిలేయండి. మడ్డి విషం కాదు, నాలుక మీద ఇసకలా, చేదుగా తగుల్తుందంతే.

బార్బెరా గురించి చిన్న పక్క కథ. ఒకప్పుడు అది కూలీల వైన్, లీటర్ల లెక్కన పోసేది. 1986లో చవక వైన్‌లో మిథనాల్ కలిపిన కుంభకోణంలో ఇటలీలో ఇరవై మందికి పైగా చనిపోయారు, పియెమొంతే పేరు మొత్తం పోయింది. ఆ దెబ్బతో ఎక్కువ పండించి చవగ్గా అమ్మడం అనే దారి మూసుకుపోయి, మంచిగా చేసేవాళ్ళకి విలువ పెరిగింది, అప్పటికే జాకొమో బొలోన్యా అనే ఆయన బార్బెరాని బారిక్‌లో పెట్టి బ్రికో దెల్లుచెల్లోనే అని ఖరీదైన వైన్ చేసి చూపించి ఉన్నాడు. మామూలు బార్బెరా ఇప్పటికీ ఇటలీ రెడ్లలో డబ్బుకి తగ్గ బేరం అని నా ఉద్దేశం.

సాంజొవేజే, కియాంతి గోల

టస్కనీ అంటే సాంజొవేజే. పులుపు ఎక్కువ, వగరు మధ్యస్థం నుంచి ఎక్కువ, రంగు మధ్యస్థం. మీ మూడు బాటిళ్ళ గీత మీద పెడితే బార్బెరాకి నెబ్బియోలోకి మధ్యలో కూర్చుంటుంది. టమాటా ఉన్న వంటకి దీనంత బాగా కుదిరే రెడ్ లేదు, టమాటా పులుపు ముందు పులుపు లేని వైన్ చప్పగా అయిపోతుంది, ఇది మాత్రం నిలబడుతుంది.

కియాంతి, కియాంతి క్లాసికో ఒకటి కాదు. క్లాసికో అంటే ఫ్లోరెన్స్‌కి సియెనాకి మధ్య ఉన్న అసలు పాత కొండలు, 1716లోనే టస్కనీ డ్యూక్ మూడో కోజిమో హద్దులు గీసి శాసనం చేశాడు. మెడ మీద నల్ల కోడిపుంజు బొమ్మ ఉంటే అది క్లాసికో. మామూలు కియాంతి చుట్టుపక్కల చాలా పెద్ద ఏరియా, అందులో మంచివీ ఉన్నాయి, గడ్డి బుట్ట చుట్టిన బాటిల్‌లో అమ్మిన నీళ్ళ సరుకూ ఉంది. ఆ చెడ్డపేరుకి ఒక కారణం రూలే. 1872లో బారన్ రికాసోలి కియాంతికి ఫార్ములా రాస్తూ సాంజొవేజే ముఖ్యం, కనాయోలో అనే ఇంకో ఎర్ర ద్రాక్ష మెత్తదనానికి, తెల్ల ద్రాక్ష అయితే త్వరగా తాగేసేవాటికి మాత్రమే అన్నాడు, 1967 నాటి చట్టం మాత్రం తెల్ల ద్రాక్షని 10 నుంచి 30 శాతం తప్పనిసరి చేసి కూర్చుంది. పలచబడకుండా ఎలా ఉంటుంది? ఇప్పుడు క్లాసికోలో సాంజొవేజే కనీసం 80 శాతం ఉండాలి, 2006 నుంచి తెల్ల ద్రాక్ష కలపడం పూర్తిగా బంద్.

ఇంకా దక్షిణంగా, వేడి ఎక్కువ ఉండే మోంటల్చినో కొండ మీద నూటికి నూరు సాంజొవేజేతో చేసేది బ్రునెల్లో, పంట కోసిన తర్వాత ఐదో ఏడు జనవరి ఒకటిదాకా అమ్మకూడదు. ధర చూసి గుండె ఆగేలా ఉంటే దాని తమ్ముడు రోస్సో ది మోంటల్చినో తీసుకోండి, అదే ద్రాక్ష, అదే కొండ, ఏడాదికే బయటికొస్తుంది.

ఒక కన్ఫ్యూజన్ మాత్రం జాగ్రత్త. వీనో నోబిలే ది మోంటెపుల్చానో అంటే టస్కనీలో మోంటెపుల్చానో అనే ఊరి వైన్, లోపల ఉండేది ముఖ్యంగా సాంజొవేజే. మోంటెపుల్చానో దబ్రుజ్జో అంటే అబ్రుజ్జో ప్రాంతంలో మోంటెపుల్చానో అనే ద్రాక్షతో చేసింది, రంగు ముదురు, మెత్తగా, పుష్టిగా ఉంటుంది, చవక కూడా. రెండూ ఒకటే అనుకుని ఒకటి కొని ఇంకోదానికోసం ఎదురుచూసి షాపువాడిని తిట్టుకోవద్దు.

దక్షిణం, మిగతావి

కింద కాంపానియాలో తౌరాజి, బసిలికాటాలో వుల్తురే అనే చల్లారిన అగ్నిపర్వతం చుట్టూ అల్యానికో పండిస్తారు. దక్షిణం కదా, ఎండ కదా, తీపిగా మెత్తగా ఉంటుందేమో అనుకుంటే పొరపాటే, కొండల మీద చాలా ఆలస్యంగా పండే ద్రాక్ష ఇది, కోత కొన్నిచోట్ల నవంబర్ దాకా సాగుతుంది, పులుపు, వగరు రెండూ నెబ్బియోలోతో పోటీ పడతాయి, రంగు మాత్రం నల్లగా ఉంటుంది. సిసిలీలో ఎట్నా అగ్నిపర్వతం ఇప్పటికీ పొగ కక్కుతూనే ఉంటుంది, దాని వాలు మీద దాదాపు 1000 మీటర్ల ఎత్తు దాకా నెరెల్లో మస్కలేజే తోటలు, పల్చటి రంగు, సన్నటి వగరు, ఎర్ర పండ్లు, పొగ, ఉప్పు తగిలినట్టు ఒక చివర. నెబ్బియోలో నచ్చినవాళ్ళకి ఇది తప్పక నచ్చుతుంది.

వెరోనా దగ్గర కొర్వీనా ముఖ్యంగా ఉండే ద్రాక్షల్ని కోసి గాలి ఆడే గదుల్లో మూడు నాలుగు నెలలు ఆరబెట్టి, కిస్మిస్‌కి దగ్గర పడ్డాక పులియబెడితే వచ్చేది అమరోనె, ఆల్కహాల్ 15, 16 శాతం దాకా పోతుంది, చిన్న గ్లాసే, భోజనం చివర్లో పాత చీజ్‌తో. అది తీసేసిన పిప్పి మీద అక్కడి మామూలు రెడ్ అయిన వల్పొలిచెల్లా పోసి మళ్ళీ పులియబెడితే రిపాస్సో. తీపి అలవాటున్నవాళ్ళని ఇటలీ వైపు తిప్పాలంటే రిపాస్సో మంచి ఎర. ఉంబ్రియాలో మోంటెఫాల్కో దగ్గర సాగ్రంతినో అని ఉంది, వగరు అంటే ఏంటో ఇంకా డౌట్ ఉంటే అది ఒక్క గుక్క చాలు, డౌట్ తీరిపోతుంది. ఇంక లాంబ్రుస్కో, మోదెనా వైపు, నురగ వచ్చే రెడ్, చల్లగా తాగేది, దీన్ని చూసి ముఖం తిప్పుకునే వైన్ పండితుల్ని పట్టించుకోకండి, డ్రై, అంటే తీపి లేని రకం అడిగి తీసుకోండి.

లేబుల్ ఎంతవరకు నమ్మాలి

డీఓసీ, డీఓసీజీ అనేవి ఏ ఊరు, ఏ ద్రాక్ష, ఎన్నాళ్ళు ఆపాలి అన్న రూల్స్‌కి ముద్రలు, 1963 చట్టంతో మొదలయ్యాయి. డీఓసీజీకి మెడ మీద నంబరు వేసిన కాగితం పట్టీ ఉంటుంది. ముద్ర ఉంటే రూల్ పాటించారని అర్థం, రుచికి గ్యారంటీ ఏమీ లేదు. ఎవరు చేశారన్నదే ముఖ్యం, అందుకే నచ్చిన ప్రతి బాటిల్ వెనక లేబుల్ ఫోటో తీసి పెట్టుకోండి, దిగుమతి చేసిన కంపెనీ పేరు కూడా అక్కడే ఉంటుంది, ఒకే దిగుమతిదారు తెచ్చే మిగతా వైన్లు కూడా సాధారణంగా అదే టేస్ట్‌లో ఉంటాయి.

ఇండియాలో ఇటలీ వైన్ ఖరీదు ఎందుకంత అంటే చాన్నాళ్ళుగా 150 శాతం కస్టమ్స్ డ్యూటీ పడుతూ వచ్చింది, దాని మీద రాష్ట్రం పన్ను వేరే. ఇక్కడే ఉండి సాంజొవేజే పరిచయం చేసుకోవాలంటే మహారాష్ట్ర అక్లూజ్‌లో ఫ్రాటెల్లీ వాళ్ళు పండించిన సాంజొవేజే దొరుకుతుంది, టస్కనీ కొండల పులుపు అందులో అంత ఉండకపోవచ్చు గానీ ద్రాక్ష స్వభావం తెలుస్తుంది. బయటి బాటిల్ కొనేటప్పుడు ఏసీ లేని షాపులో, ఎండ పడే అద్దాల అరలో నిలబెట్టినవి మాత్రం వద్దు. వేడికి ఉడికిన వైన్‌లో తాజా పండు వాసన పోయి కాచిన జామ్ వాసన వస్తుంది, బిరడా కాస్త పైకి లేచి ఉంటుంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా నుంచి పట్టిన తెగులు, దానికి ఎంత గాలి తగిలించినా లాభం లేదు, హోటల్లో అయితే మొహమాటం లేకుండా వెనక్కి పంపండి, మొదట మీ గ్లాసులో రెండు చుక్కలు పోసి ఆగేది అందుకే.

మన కూరలతో

ఇక్కడ నిజం చెప్పాలి, మన కారానికి బరోలోకి పడదు. కారం ఉన్న నోట్లో ఆల్కహాల్ ఇంకా మండుతుంది, వగరు ఇంకా గరుకు అవుతుంది, వేలు పోసి కొన్న బాటిల్ మంట పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. కాబట్టి రూల్ ఇది, కారం పెరిగే కొద్దీ వగరు తక్కువ, ఆల్కహాల్ తక్కువ, చల్లదనం ఎక్కువ ఉన్న వైన్ వైపు పోవాలి. గోంగూర మటన్‌కి బార్బెరా, గోంగూర పులుపుకి ఎదురు నిలబడేంత పులుపు దాంట్లో ఉంది, వగరు లేదు కాబట్టి కారంతో కొట్లాట లేదు. నూనె తేలే కోడి వేపుడుకి చల్లటి డ్రై లాంబ్రుస్కో, లేదంటే సిసిలీలో ఫ్రప్పాతో అనే తేలికపాటి ఎర్ర ద్రాక్షతో చేసింది. టమాటా వేసి కాస్త కారం తగ్గించిన కోడి కూరకి కియాంతి క్లాసికో. నెబ్బియోలో, అల్యానికో లాంటి గట్టివి తెరవాలంటే ఆ రోజు మిరియాలతో, నెయ్యితో నెమ్మదిగా ఉడికిన మటనో, కాళ్ళ పాయానో చేయించండి, పచ్చిమిర్చి దూరం పెట్టండి. మాంసం తిననివాళ్ళు వెన్నలో పుట్టగొడుగులు, వేయించిన పనీర్, ముదిరిన చీజ్, పియెమొంతే వాళ్ళు కూడా నెబ్బియోలోని పుట్టగొడుగులతో, నేల లోపల పెరిగే ట్రఫుల్స్ అనే పుట్టగొడుగు జాతితో తాగుతారు. ఆవకాయ అన్నంతో ఏ వైన్ అని అడగకండి, మజ్జిగ.

మింగాక ఏం రాసుకోవాలి

ఫోన్ నోట్స్‌లో నాలుగు ముక్కలు చాలు, పులుపు ఎంత, వగరు ఎంత, రెండు వాసనలు, మింగాక రుచి ఎంతసేపు నిలబడింది. ఆ చివరిది సెకన్లలో లెక్కపెట్టండి, ఐదు సెకన్లకే మాయమైతే మామూలు వైన్, పదిహేను, ఇరవై దాకా నిలబడి ఇంకా మారుతూ ఉంటే మంచిది. స్టార్లు, మార్కులు వద్దు, ఏం తిన్నారో మాత్రం తప్పక రాయండి. బండి నడిపేది ఉంటే కప్పులో ఉమ్మేయండి, రుచి చూసేవాళ్ళందరూ చేసే పనే, ఎవరూ ఏమీ అనుకోరు.

మిగిలిన బాటిల్‌కి బిరడా తిరిగి పెట్టి ఫ్రిజ్‌లో నిలబెట్టండి, మర్నాడు ఓ అరగంట ముందు బయటికి తీసి మళ్ళీ అవే నాలుగు రాయండి. డోల్చెట్టో సాధారణంగా డల్ అయిపోయి ఉంటుంది, బార్బెరా దాదాపు అలాగే ఉంటుంది, కుర్ర నెబ్బియోలో చాలాసార్లు మొదటిరోజు కంటే బాగుంటుంది. మూడో రోజుకి ఏదైనా మిగిలితే మటన్ కూరలో పోసేయండి, బ్రజాతో అని పియెమొంతే వాళ్ళు పశుమాంసాన్ని గంటల తరబడి బరోలోలోనే ఉడికిస్తారు కాబట్టి మీరేం పాపం చేసినట్టు కాదు.